వాడొస్తే నువ్వా, నేనా?

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఫుట్‌బాల్ ఆట అయిపోయినాక యూనివర్సిటీ గ్రౌండ్ బయట టీ తాగతా ఉంటే మా గుంపులో కొత్తగా చేరిన పిల్లోడు ఒకడు, ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్, మంచోడే, ఒక మాటన్నాడు. "అన్నా, అసలు ప్లేయర్లకి టాక్టిక్స్, ఎత్తుగడలు ఏం తెలుస్తాయన్నా, అంతా కోచ్‌దే, వీళ్ళు చెప్పింది చేస్తారంతే. కావాలంటే మ్యాచ్ అయినాక ఇంటర్వ్యూలు చూడు, ఒక్కడన్నా సరిగ్గా చెప్తాడా? బాగా ఆడినాం, గెలిచినాం, ఫ్యాన్స్‌కి థ్యాంక్స్, అంతే కదా." అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా. కానీ ఇంటికొచ్చి స్నానం చేస్తాంటే కూడా ఆ మాట వదల్లా. ఎందుకంటే ఆరేడేళ్ళ ముందు నేను కూడా అచ్చం అదే అనుకునేటోణ్ణి, అనుకోవడమే కాదు, దాన్ని నమ్మి మా టీమ్‌ని ముంచినోణ్ణి.

నా గురించి రెండు ముక్కలు చెప్పాల. నేను ఇరవై ఏళ్ళుగా రైట్ బ్యాక్, అంటే కుడిపక్క వెనకాల కాపలా. గొప్ప ప్లేయర్‌ని కాదు, కాలేజీ టీమ్‌లో ఉన్నా, జిల్లా సెలక్షన్‌కి రెండుసార్లు చిత్తూరు పోయినా, రెండుసార్లూ సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేసినా. ఇప్పుడు బాలాజీ కాలనీ పక్కన జిరాక్స్ షాపు. ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్‌లో ఉంటా, శేషాచలం కొండ మీద ఇంకా మంచు దిగకముందే వార్మప్ అయిపోవాల మాకు, లేకుంటే ఎనిమిదింటికి క్రికెట్టోళ్ళు వచ్చి స్టంపులు పాతేస్తారు. తిరుపతిలో ఫుట్‌బాల్ ఆడేటోడి బతుకు ఇది, ఎప్పుడూ ఎవురో ఒకరికి జాగా ఖాళీ చేసివ్వాల.

సరే, మునిగిన కథ చెప్తా. లాక్‌డౌన్‌లో షాపు మూసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు టాక్టిక్స్ వీడియోల పిచ్చి పట్టింది నాకు. పచ్చ బోర్డు మీద తెల్ల గుండ్రాలు, ఎర్ర బాణాలు, ఒకడు ఇట్ల పోతే ఇంకోడు అట్ల వస్తాడు, జాగా తెరుచుకుంటాది, గోల్. ఎంత అందంగా ఉంటాదో. ఇన్నేళ్ళు ఆడినా కదా, ఇదంతా నాకెవరూ చెప్పలేదే అని బాధ కూడా వేసింది. తర్వాత గ్రౌండ్లు తెరిచినాక చిత్తూరు నుంచి ఒక టీమ్ ఫ్రెండ్లీకి వస్తాంది అంటే, ఇంకేముంది, షాపులో పాడైన జిరాక్స్ కాగితాల వెనకపక్కంతా బొమ్మలే. 4-3-3. వెనక నలుగురు, నడిమిట్లో ముగ్గురు, ముందు ముగ్గురు. వెనక నలుగురి వరస, అంటే బ్యాక్ లైన్, మొత్తం సెంటర్ లైన్ దగ్గరికి తోసేయాల, అప్పుడు అవతలోళ్ళకి ఆడేదానికి జాగా చాలదు, ఊపిరాడదు, వెనక పడే పొడుగు బాల్‌ని గోలీ, అంటే గోల్‌కీపర్, బయటికొచ్చి తీసుకుంటాడు. కాగితం మీద ఒక్క తప్పు లేదు దాంట్లో. మా గోలీకి యాభై దాటినాయి, మోకాలు నొప్పి, ఆ సంగతి ఒక్కటే కాగితం మీద లేదు.

6-1. ఆ ఒక్కటి కూడా వాళ్ళ బ్యాక్ తగిలించుకున్న సెల్ఫ్ గోల్.

ఆట అయినాక నేను కాగితం తీసి చూపిస్తా, "ఇట్ల చేసింటే", "నువ్వు ఇక్కడుండాల్సింది" అని మొదలు పెడితే మా స్టాపర్ అన్న (వెనక నడిమిట్లో నిలబడి అడ్డుకునేటోడు స్టాపర్) ఆపినాడు. ఆయన ఆటో తోల్తాడు, చదువు ఎనిమిదో తరగతి, మా అందరికంటే బాగా ఆడేది ఆయనే. ఆ కాగితం తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "అబ్బా, దీంట్లో బాల్ యాడుంది?" అన్నాడు.

నిజంగా లేదు. నేను 22 గుండ్రాలు గీసినా, బాల్ గీయడం మర్చిపోయినా.

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను అప్పటిదాకా చూసిన వీడియోలన్నిటికంటే గట్టి మాట, కానీ ఆయన దాన్ని టాక్టిక్స్ అని చెప్పలా, ఊరికే మామూలుగా చెప్పినాడు. "వాడి కాళ్ళ దగ్గర బాల్ ఉన్నప్పుడు వాడి తలకాయ చూస్తా. కిందికి చూస్తాంటే నేను రెండడుగులు ముందుకి. తలెత్తినాడంటే పొడుగ్గా కొట్టబోతాండాడని, నేను అప్పుడే వెనక్కి. నువ్వేమో తలెత్తినా దించినా ముందుకే రమ్మంటివి." అంతే. హై లైన్, అంటే బ్యాక్ లైన్‌ని ముందుకి ఎక్కించి నిలబెట్టేది, దాంట్లో అసలు కిటుకు ఎంత ఎత్తులో నిలబడాల అనేది కాదు, బాల్ ఉన్నోడి మీద ఒత్తిడి ఉందా లేదా అనేది, ఒత్తిడి ఉంటే ఎక్కాల, లేకుంటే దిగాల. పెద్ద కోచ్‌లు దీనికి పెద్ద పేర్లు పెట్టుకుంటారు. మా అన్నకి పేరు తెల్దు, తలకాయ తెలుసు.

అందుకే నేను అనేది ఏమంటే, మనం పైనుంచి కెమెరాలో చూసి టాక్టిక్స్ అనుకునేది వేరే వస్తువు, లోపల ఆడేటోడికి టాక్టిక్స్ అనేది వేరే వస్తువు. మనకది బొమ్మ. వాడికది పక్కనోడితో చేసుకున్న ఒప్పందం. "వాడొస్తే నువ్వు పో, నేను నీ వెనక ఉంటా", "బాల్ అటు పోతే నేను దిగతా, నువ్వు ఎక్కు". ఇట్లాంటి చిన్న చిన్న ఒప్పందాలు వంద ఉంటాయి, చాలావరకు నోటితో చెప్పుకోనివి, కలిసి ఆడగా ఆడగా కుదిరినవి. వాటన్నిటినీ పైనుంచి చూస్తే 4-3-3 మాదిరి కనిపిస్తాది. అంటే ఒప్పందాలు ముందు, బొమ్మ తర్వాత. వీడియోలు చూసేటోళ్ళు దీన్ని తిరగేసి పట్టుకుంటారు, నేనూ అదే చేసింది.

దీనికి నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం 1953 నవంబర్ 25, లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్, హంగరీ మ్యాచ్. దాని గురించి తెలిసినోళ్ళందరూ చెప్పేది, ఇంగ్లండ్ సొంత గడ్డ మీద 6-3తో ఓడింది, ఇంగ్లీషోళ్ళ ఆట పాతబడిపోయిందని లోకానికి తెలిసిపోయింది అని. నేను చూసేది హ్యారీ జాన్‌స్టన్ అనే ఒకే ఒక్కణ్ణి. ఆయన ఇంగ్లండ్ సెంటర్ హాఫ్, అంటే మన లెక్కలో స్టాపర్. బ్లాక్‌పూల్ క్లబ్‌కి కెప్టెన్, అదే ఏడాది ఎఫ్ఏ కప్ ఎత్తినోడు, 1951లో ఇంగ్లండ్ దేశంలో ఆ ఏటి మేటి ఆటగాడు అని జర్నలిస్టులు ఎన్నుకున్నోడు. మొద్దు కాదు. ఆయన పని అప్పటి ఆటలో చాలా తేట: అవతలి 9 నంబర్ చొక్కా వేసుకున్నోడి, అంటే ముందు నిలబడి గోల్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్ వెంట ఉండాల. ఆరోజు హంగరీ 9 నంబర్ హిడెగ్‌కుటి. వాడు ముందు నిలబడకుండా వెనక్కి దిగి మిడ్‌ఫీల్డ్‌లో తిరిగినాడు. ఇప్పుడు జాన్‌స్టన్ ఏం చేయాల? వాడి వెంట పోతే వెనక నడిమిట్లో పెద్ద గుంత, హంగరీ ఫార్వర్డ్‌లు పుష్కాష్, కోచిష్ దాంట్లోకి దూరతారు. పోకుంటే హిడెగ్‌కుటి నింపాదిగా బాల్ తీసుకుని తల తిప్పి చూసుకుని ఏది కావాలంటే అది చేస్తాడు. ఆట మొదలైన తొలి నిమిషంలోనే హిడెగ్‌కుటి గోల్ కొట్టినాడు, మొత్తం మీద మూడు కొట్టినాడు. జాన్‌స్టన్ మళ్ళీ ఇంగ్లండ్‌కి ఆడలేదు.

జనం దీన్ని చదివి "చూడు, ఆయనకి టాక్టిక్స్ అర్థం కాలా" అంటారు. నేనొప్పుకోను. ఆయనకి బాగా అర్థమైంది, అందుకే నలిగిపోయినాడు. అర్థం కానోడైతే ఊరికే 9 నంబర్ వెంట పరిగెత్తిండేవాడు, బాధ ఉండేది కాదు. ఆయనకున్న కష్టం ఏమంటే, ఆయనొక్కడే నిర్ణయించే సంగతి కాదు అది. తను పోతే వెనక గుంత ఎవరు మూస్తారు, తను ఉంటే ముందు వాణ్ణి ఎవరు పట్టుకుంటారు, అది పక్కనుండే హాఫ్‌లతో, బ్యాక్‌లతో ముందే అనుకుని ఉండాల. వాళ్ళ ఒప్పందంలో "9 నంబర్ వెనక్కి దిగితే" అనే మాటే లేదు. ఆట మధ్యలో, లక్షమంది అరుస్తాంటే, పదిమంది కొత్త ఒప్పందం రాసుకోలేరు. ఆర్నెల్ల తర్వాత బుడాపెస్ట్‌లో జాన్‌స్టన్ లేకుండానే ఇంగ్లండ్ 7-1తో ఓడింది, ఇంకా ఘోరం, మరి దానికి ఎవర్ని తప్పు పడతారు?

ఇంకా తమాషా చెప్తా. 2009 మే 2, మాడ్రిడ్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా మ్యాచ్. బార్సిలోనా కోచ్ గార్డియోలా ముందురోజు రాత్రి మెస్సీని పిలిపించి వీడియో చూపించి, రేపు నువ్వు రైట్ వింగ్‌లో కాదు, నడిమిట్లో ఆడు, కానీ డిఫెండర్ల దగ్గర నిలబడొద్దు, వెనక్కి దిగు అన్నాడు. అచ్చం హిడెగ్‌కుటి. రియల్ స్టాపర్లు ఎవరు, కన్నవారో, మెట్సెల్డర్. కన్నవారో అంటే 2006 వరల్డ్ కప్ గెలిచిన ఇటలీ కెప్టెన్, ఆ ఏడాది మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కూడా తీసుకున్న డిఫెండర్, డిఫెన్స్ అనే సబ్జెక్టుకే పంతులు లాంటోడు. మెట్సెల్డర్ తర్వాత చెప్పింది ఏమంటే, వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట, ఏం చేద్దాం, వెంట పోదామా, ఇక్కడే ఉందామా అని. 2-6తో రియల్ ఓడింది. యాభై ఆరేళ్ళ తర్వాత, టీవీలొచ్చినాక, కంప్యూటర్లొచ్చినాక, అనలిస్టులని జీతాలిచ్చి పెట్టుకున్నాక కూడా అదే ప్రశ్న: వాడొస్తే నువ్వా, నేనా? ఆ ఒక్క చూపులో ఉండే టాక్టిక్స్ ఏ బోర్డు మీదా గీయలేరు, నన్నడిగితే.

మా ఊళ్ళో పుట్టినోళ్ళకి ఇది చెప్పేదానికి ఇంకో దారి ఉంది. కొండ మీద బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసేటోళ్ళని చూసినారు కదా, టీవీలో కాదు, మాడ వీధిలో నిలబడి. నేను చిన్నప్పటినుంచి చూస్తాండా, గరుడ సేవ రోజు పొద్దున్నుంచి కాళ్ళు పీకేదాకా గ్యాలరీలో కూర్చుని. జనం చూసేది స్వామిని, నేను ఎప్పట్నుంచో చూసేది కింద కాళ్ళని. అంత బరువు, పొడుగాటి కొయ్యలు భుజాల మీద, ముందోడి వీపు తప్ప వెనకోడికి ఏం కనిపిస్తాది? వాళ్ళలో ఒక్కడికి కూడా వాహనం ఎట్లా కనిపిస్తాందో తెలిసే దారి లేదు. మనకి మాత్రం స్వామి ఊగతా, ఆడతా వస్తాండట్టు ఉంటాది. అసలు పని మూల తిరిగేటప్పుడు. లోపలిపక్కోళ్ళు దాదాపు నిలబడిన చోటే అడుగులేయాల, బయటిపక్కోళ్ళు పెద్ద పెద్ద అంగలేయాల, ఎవడన్నా తన అడుగు తను వేసుకుంటే కొయ్య ఒరుగుతాది, ఆ బరువు పక్కనోడి భుజం మీద పడతాది. భుజం మీద పడిన ఆ బరువే వాడికి వార్త. ఎవరూ వాడికి బొమ్మ గీసి చూపించాల్సిన పన్లేదు.

నలుగురు బ్యాక్‌ల లైన్ కూడా అంతే. బాల్ ఎడమపక్కకి పోతే నలుగురూ ఎడమకి జరగాల, బాల్‌కి దగ్గరుండేటోడు రెండడుగులు, నేను, అంటే దూరంగా ఉండే రైట్ బ్యాక్, పదిహేనడుగులు. నేను ఐదడుగులే వేస్తే నాకేం కాదు, నా దగ్గరికి బాల్ రాలేదు కదా. బరువు మా స్టాపర్ అన్న మీద పడతాది, నాకూ ఆయనకీ మధ్య తలుపు తెరిచిపెట్టినట్టు ఉంటాది. గోల్ పడినాక చూసేటోళ్ళు ఆయన్ని తిడతారు. నా ఫుట్‌బాల్ బతుకులో నేను ఇట్లా ఆయన ఖాతాలో రాయించిన గోల్స్ ఎన్నో నాకు లెక్క లేదు, ఆయనకి ఉంటాది.

ఇక్కడ ఇంకో వర్గం లేస్తారు. "అదే కదా మేము చెప్పేది, అదంతా ఇన్‌స్టింక్ట్, పుట్టుకతో రావాల, చెప్పిస్తే వచ్చేది కాదు" అని. ఇది మొదటి మాట కంటే ప్రమాదం. పుట్టుకతో ఏమీ రాదు. అరిగో సాక్కీ అని ఇటలీ కోచ్, ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ ఆడనోడు, ముందు వాళ్ళ నాయన చెప్పుల వ్యాపారంలో పని చేసినోడు. 1987లో ఆయన్ని ఏసీ మిలాన్‌కి తెస్తే, ఆడనోడు వచ్చి మాకేం నేర్పిస్తాడని అందరికీ అనుమానమే. గుర్రం తోలాలంటే ముందు గుర్రమై పుట్టాలని నాకు తెలీలేదే అని ఎదురు జవాబిచ్చినాడు. ఆయన చేసిందేమంటే బాల్ లేకుండా ఆడించడం. బాల్ ఇక్కడ ఉందనుకో అంటాడు, పదకొండుమంది దానికి తగ్గట్టు జరగాల, ఇప్పుడు అక్కడుంది, మళ్ళీ జరగాల. గంటలు గంటలు. ప్రతి ఒక్కడూ చూసుకోవాల్సినవి నాలుగే నాలుగు: బాల్, జాగా, ఎదుటోడు, పక్కనోడు. గుల్లిట్, వాన్ బాస్టెన్ లాంటి మొనగాళ్ళకి కూడా ఇదెందుకు అనిపించింది. దానికాయన ఒక పందెం పెట్టినాడు. గోలీ గల్లి, నలుగురు బ్యాక్‌లు తసోత్తి, మాల్దిని, కోస్తకుర్తా, బరేసి ఒకపక్క, గుల్లిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్‌తో సహా పదిమంది ఇంకోపక్క. పదైదు నిమిషాల్లో ఒక గోల్ కొట్టండి చూద్దాం, బాల్ పోగొట్టుకుంటే మళ్ళీ మీ సగంలోనుంచి మొదలుపెట్టాల. కొట్టలేకపోయినారంట, ఎన్నిసార్లు పెట్టినా. 1989లో, 1990లో వరసగా యూరోపియన్ కప్, అంటే యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు, మిలాన్‌దే.

ఆ నలుగురు బ్యాక్‌లకి ఉన్నది పుట్టుకతో వచ్చిన తెలివి అంటారా? అరిగిపోయేదాకా తిప్పి తిప్పి ఒప్పందాన్ని కాళ్ళలోకి దింపినాడు ఆయన. తర్వాత చూసేటోడికి అది ఇన్‌స్టింక్ట్ మాదిరి ఉంటాది. మా అన్న తలకాయ చూసే విద్య కూడా అంతే, పాతికేళ్ళు ఆదివారం ఆదివారం దెబ్బలు తిని నేర్చుకున్నది.

ఇటలీ దాకా ఎందుకు, మన హైదరాబాద్‌లోనే రహీం సాబ్ ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌నీ, తర్వాత ఇండియా టీమ్‌నీ తీర్చిదిద్దినోడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన టీమ్, నాలుగేళ్ళకి మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దాకా పోయింది. ఆయన గురించి నాకు అన్నిటికంటే నచ్చేది, హైదరాబాద్‌లో పెట్టించిన వింత టోర్నమెంట్లు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బాల్‌ని కాళ్ళతో తోసుకుంటా తప్పించుకుని పోవడం, చేయకూడదు. ఇంకోదాంట్లో ఎవడికి ఏ కాలు వాటంగా రాదో దాంతోనే ఆడాల. ఆలోచించండి, డ్రిబ్లింగ్ వద్దంటే ఏమవుతాది? బాల్ వచ్చేలోపే ఎవరికివ్వాలో చూసుకుని ఉండాల, బాల్ లేనోడు ఊరికే నిలబడకుండా కనిపించే చోటికి రావాల. ఒక్క లెక్చర్ లేదు, ఒక్క బోర్డు లేదు, రూల్ ఒకటి మార్చినాడు, ఆ రూలే పాఠం చెప్పింది. పంతులు కదా, పిల్లోడికి ఎట్ల ఎక్కుతాదో తెలుసు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి ఇంకా బాగుంటాది. మన స్టాపర్ జర్నైల్ సింగ్‌కి థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడినాయి. హెడ్ చేయడమే పనిగా ఉండే చోట తలకి కుట్లతో ఎట్ల ఆడిస్తారు? రహీం సాబ్ ఆయన్ని తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టినాడు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టినాడు, సెప్టెంబర్ 4న ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద కూడా కొట్టినాడు, ఇంకోటి పీకే బెనర్జీ, 2-1, గోల్డ్ మెడల్. లీగ్‌లో అదే కొరియా మనల్ని 2-0తో కొట్టింది. నాకనిపించేది, స్టాపర్‌కి తెలిసినంతగా ఇంకో స్టాపర్ భయాలు ఎవురికి తెలుస్తాయి? ఫార్వర్డ్ ఎక్కడ నిలబడితే తనకి చిరాకో జర్నైల్ సింగ్‌కి బాగా తెలుసు, పోయి అక్కడ నిలబడింటాడు. ఇది నా ఊహే. కానీ నేను కూడా ఒకసారి మనుషులు చాలక ఫార్వర్డ్ ఆడినప్పుడు అదే చేసినా, స్టాపర్‌కీ బ్యాక్‌కీ నడిమధ్యన నిలబడినా, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టినారు. ఆహా, ఆ చూపు ముందునుంచి చూస్తే ఎంత బాగుంటాదో. (గోల్ కొట్టలేకపోయినా, అది వేరే సంగతి.)

చూడడం గురించి ఒకటి చెప్పి ముందుకి పోతా. నార్వేలో గైర్ యోర్డెట్ అని ఒక ప్రొఫెసర్, ప్రీమియర్ లీగ్ ప్లేయర్ల వీడియోలు పెట్టుకుని, బాల్ అందుకునే ముందు ఎవడు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తాండాడని లెక్కపెట్టినాడు. జాస్తిగా తిప్పేటోళ్ళ పాసులు జాస్తిగా సరైన చోటికి పోతాయి. ఆ లెక్కలో పైన ఉండింది ఫ్రాంక్ లాంపార్డ్. మనం టీవీలో బాల్ వెంట పోతాం కాబట్టి ఈ తల తిప్పడం మనకి కనిపించదు, కెమెరా లాంపార్డ్ దగ్గరికి వచ్చేటప్పటికి ఆయన చూడాల్సిందంతా చూసేసింటాడు. సాయంత్రం లీలామహల్ సర్కిల్‌లో బండి తోలేటోడికి ఇది చెప్పాల్సిన పన్లేదు, బస్సు పక్కకి వచ్చినాక చూస్తే ఏం లాభం.

మళ్ళీ మా పిల్లోడి మాటకి వస్తా, ఇంటర్వ్యూల్లో చెప్పలేరు అన్నది. చెప్పలేకపోవడం, తెలియకపోవడం ఒకటే అనుకోవడం చదువుకున్నోళ్ళ జబ్బు, నాకూ ఉండింది. మా స్టాపర్ అన్న ఆటో సంగతి చూడండి. బ్రహ్మోత్సవాలప్పుడు పోలీసోళ్ళు సగం రోడ్లు మూసేస్తారు, అయినా బస్టాండు నుంచి అలిపిరికి సందుల్లో దూరి తీసుకుపోతాడు. ఊరి మ్యాప్ గీయమంటే గీయలేడు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకున్నోడు మాత్రం బ్యారికేడ్ ముందు నిలబడి హారన్ కొడతా ఉంటాడు. వీళ్ళిద్దర్లో ఊరు ఎవురికి తెలుసు?

పైగా ఆటలో జరిగేదానికి చాలాసార్లు మాటే లేదు. జర్మనీ థామస్ ముల్లర్‌ని చూసి తికమకపడనోళ్ళు లేరు, డ్రిబ్లింగ్ అంతంతమాత్రం, పెద్ద స్పీడ్ లేదు, ఒళ్ళు చూస్తే బక్కపలచ, మరి గోల్స్ ఎట్ల వస్తాండాయి? 2011లో ఒక పేపరోళ్ళు అడిగితే తన పనికి తనే ఒక కొత్త మాట పుట్టించి చెప్పినాడు, రౌమ్‌డాయిటర్ అని. జాగాని చదివి అర్థం చెప్పేటోడు, మన భాషలో జాగాలకి జోస్యం చెప్పేటోడు అనుకోవచ్చు. అంటే తనేం చేస్తాండాడో పూర్తిగా తెలుసు, మాటే దొరకలేదు, తయారు చేసుకున్నాడు. అందరికీ ఆ నోరు ఉండదు. మైకు మొహం మీద పెట్టి, గుండె దడదడలాడతాంటే, "ఆ రెండో గోల్ ఎట్ల వచ్చింది" అని అడిగితే మూడు పాయింట్లు వచ్చినాయి అనకుండా ఇంకేమంటారు? రేపు మళ్ళీ అదే టీమ్‌లతో ఆడాల, రహస్యాలన్నీ చెప్పేయడానికి వాళ్ళేం పిచ్చోళ్ళు కాదు కూడా.

కోచ్ ఏమీ చెప్పకపోతే టాక్టిక్స్ ఉండదా అంటే అదీ కాదు. 2010లో వాన్ డెర్ వార్ట్ అనే ఆటగాడు రియల్ మాడ్రిడ్ నుంచి ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్‌కి వచ్చినాక ఒక మాటన్నాడు, మా డ్రెస్సింగ్ రూమ్‌లో బోర్డు ఉంది కానీ కోచ్ హ్యారీ రెడ్‌నాప్ దాని మీద ఏమీ రాయడు అని, మెచ్చుకోలుగానే. అదే సీజన్‌లో వాళ్ళు ఇంటర్ మిలాన్‌ని ఓడించినారు, ఏసీ మిలాన్‌ని దాటి చాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌కి పోయినారు. బోర్డు ఖాళీగా ఉందని ఒప్పందాలు ఖాళీగా ఉన్నట్టు కాదు, మోడ్రిచ్ లాంటోడు మధ్యలో ఉంటే వాళ్ళలో వాళ్ళే కుదుర్చుకుంటారు.

అట్లని ఆటగాళ్ళందరికీ అంతా తెలుసు అని నేననడంలా. మాలోనే ఒక రైట్ ఔట్ ఉండాడు, నా ముందే ఆడతాడు, పదేళ్ళుగా ఆడతాండాడు, కాళ్ళలో మాయ ఉంది వాడికి, కానీ బాల్ తప్ప ఇంకేమీ చూడడు. బాల్ పోగొట్టుకుంటే అక్కడే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు, అవతలి బ్యాక్, వింగర్ ఇద్దరూ నా మీదికొస్తారు. వాడితో నాకు ఒప్పందమే లేదు, ఒకవైపు నుంచి చేసుకునే ఒప్పందం ఉంటాదా? నేను వాణ్ణి తెలివితక్కువోడు అనను, వాడికి ఇంజనీరింగ్‌లో డిస్టింక్షన్. ఆటలో తెలివి అంటే మార్కులు కాదు, నీ అడుగు వల్ల పక్కనోడి భుజం మీద ఎంత బరువు పడతాందో పట్టించుకోవడం. సెలవుల్లో మా వీధి పిల్లల్ని ఆడిస్తా, ఏడెనిమిదేళ్ళోళ్ళు, బెల్లానికి చీమలు పట్టినట్టు అందరూ బాల్ చుట్టూనే. పోయినేడు ఒకరోజు వాళ్ళలో ఒక పాప ఆ గుంపులోనుంచి బయటికొచ్చి, దూరంగా, ఎవరూ లేని చోట నిలబడి "ఇటెయ్, ఇటెయ్" అని అరిచింది. ఎవరూ వేయలా, ఆ పాపకి ఏడుపొచ్చింది. నాకు మాత్రం ఆరోజు పండగ. టాక్టిక్స్ పుట్టేది అక్కడ, బాల్ నుంచి దూరంగా వేసే మొదటి అడుగులో.

ఇంతకీ ఆ థర్డ్ ఇయర్ పిల్లోడికి నేను టీ కొట్టు దగ్గర ఏమీ చెప్పలా. తర్వాతి ఆదివారం మా రెండో స్టాపర్ రాలేదు, ఊళ్ళో పెళ్ళి. పిల్లోణ్ణి అన్న పక్కన స్టాపర్‌లో పెట్టినాం. మొదటి పది నిమిషాలు బాగానే ఉంది, వాడికి వీడియోల్లో చూసిందంతా వచ్చు, ఎక్కడ నిలబడాలో తెలుసు. తర్వాత అవతలి ఫార్వర్డ్ ఒకడు, తెలిసి చేసినాడో అలిసిపోయి చేసినాడో గానీ, మెల్లగా వెనక్కి దిగి నిలబడినాడు. పిల్లోడు అన్న వైపు చూసినాడు. అన్న ఆ క్షణంలో నా మీద అరుస్తాండాడు, నేను ఎప్పటిమాదిరి ఐదడుగులే వేసి ఆగిపోయినా. పిల్లోడు ముందుకి ఒకడుగేసి, వెనక్కి ఒకడుగేసి, "అన్నా, నేనా? నువ్వా?" అని నన్నడిగినాడు. నేను నోరు తెరిచేలోపల బాల్ వలలో ఉంది.

హాఫ్ టైంలో ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. వాడు దిగితే పిల్లోడు పోవాల, అన్న వెనక ఉంటాడు, నేను పదిహేనడుగులూ వేయాల. మా గోలీ మాత్రం, మోకాలికి పట్టీ కట్టుకుంటా, నేను పదిహేను వేసేది చూసినాకే నమ్ముతా అన్నాడు.